వద్దంటే ఆగిన మనిషి

నిమ్మరసం, నల్ల ఉప్పు కలిసిన వేడి టీ వాసన తగిలితే చాలు, ఖిదిర్‌పూర్ బస్టాపులో నిలబడి ఉన్నా నాకు సాల్ట్ లేక్‌లోని ఆ ఆఫీసే గుర్తొస్తుంది. మా యజమానురాలు మౌసుమి దీదీకి పాలు పడేవి కావు. ఆవిడకు రోజూ ఆ టీ కలిపింది నేనే. నాకు చదువు లేదు, సంతకం వరకే. నేను చెబుతున్నాను, పొరుగింటి టీచరమ్మ రాస్తోంది.

మా ఆయన ఈ బెంగాలీల ఊళ్ళో కార్పొరేషన్ చెత్తబండి మీద పనిచేసేవాడు. ఆయన పోయాక ఆ ఆఫీసులో తుడుపు పనికీ టీ పనికీ చేరాను. జనం కంప్యూటర్లో ఉత్తరాలు రాసుకునే చోటు, ఈమెయిల్ అంటారే అది, నడిపేవాళ్ళు. జనం దగ్గర పైసా తీసుకోరు, ప్రకటనల మీద బతుకుతారు. ఊరికే ఇచ్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే. మా పేటలో ఊరికే దుప్పట్లు పంచిన ప్రతివాడూ వెనకాలే ఏదో ఒకటి అడిగాడు. అందుకని దీదీనీ ఓ కంట కనిపెట్టే ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం దీదీ పిలిచి నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఏ వస్తువు పోయిందో, నా మీదకి వస్తుందేమో అనుకున్నాను. తీరా చూస్తే, జనాన్ని అడగబోయే ప్రశ్న నాలాంటిదానికి అర్థమవుతుందో లేదో చూడ్డానికట. ప్రకటనల పని చూసే వరంగల్ అబ్బాయి శ్రీకాంత్ తెరమీది తెలుగు చదివాడు: “మీ అనుభవమును మెరుగుపరచు నిమిత్తము మేమును మా భాగస్వాములును కుకీలను వినియోగించుటకు సమ్మతించుచున్నారా?”

“సరే బాబూ,” అన్నాను. మావాళ్ళ అలవాటు అది. చదువుకున్నవాడు ఏదైనా చదివితే, ముగించక ముందే సరే అనేస్తాం. తొందరగా వదిలేస్తారని.

“దేనికి ఒప్పుకున్నావు మాషీ?” అని దీదీ బెంగాలీలో అడిగింది. మాషీ అంటే వాళ్ళ భాషలో పిన్ని.

నేను శ్రీకాంత్ వైపు తిరిగాను. “ఏటో బాబూ, నువ్వు సదివావు, నాను సరేనన్నాను. నన్నెందుకు ఇరికిత్తన్నారు?”

అతను నవ్వుతూ ఆ మాట దీదీకి చెప్పాడు. ఆమె నవ్వలేదు. “అయితే అది ఒప్పుకోవడం కాదు,” అంది. తరవాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని విడమరిచింది. లోపలికి వచ్చినవాళ్ళెవరో తెలియడానికి ఒక గుర్తు పెట్టాలట, కుకీ అంటే అదేనట. అది లేకపోతే ప్రతి ఉత్తరానికీ పాస్‌వర్డ్ అడగాలి. దానికి అనుమతి అక్కర్లేదు. ప్రకటనలవాళ్ళు పెట్టే గుర్తు వేరు. అది మన వెంట బజారుకి కూడా వస్తుంది. దానికి మాత్రం ముందే, మన భాషలో అడగాలని చట్టమట.

“నువ్వు మంచిదానివే కదా దీదీ, సరే అంటే నాకు పోయేదేముంది?” అన్నాను.

“నేను మంచిదాన్నని నీకెవరు చెప్పారు? నన్నూ అనుమానించు మాషీ.”

అలా చెప్పిన యజమానిని నేనింకొకరిని చూడలేదు. అప్పుడు మాత్రం, ఇందులోనూ ఏదో ఎత్తు ఉందనుకున్నాను.

ఆ మాటలు మార్చి రాయించింది. ప్రకటనలవాళ్ళు మీ వెంట తిరగొచ్చా? వద్దన్నా మీ ఉత్తరాలు మీకొస్తాయి. అంతే. సరే, వద్దు, రెండు మీటలూ ఒకే సైజు. శ్రీకాంత్ మళ్ళీ చదివాడు. నేను వద్దు నొక్కాను.

“నీ నౌకరికి నువ్వే ఎసరు పెట్టుకున్నవ్ పెద్దమ్మా!” అన్నాడు అతను. “అందరు గదే నొక్కుతరు. ప్రకటనలోళ్ళు పోతే ఆఫీసెట్ల నడుస్తది?”

“నా కూడు నానే తన్నీసుకున్నానేటి బాబూ?”

‘సరే’ని పెద్దగా, పచ్చగా పెట్టి, ‘వద్దు’ని కింద సన్నగా పెడదామని అతను దీదీని బతిమాలాడు. “తెలియక అన్న సరే మీద నేను నడపలేను,” అందామె.

అతనన్నట్టే అయింది. ప్రకటనలు తగ్గాయి, తరవాత ఆ చోటే మూతపడింది. జనం తమ ఉత్తరాలు దాచుకోవడానికి గడువిచ్చారు. పై అంతస్తు ఆఫీసులో నాకు పని చూసిపెట్టింది దీదీ. నేను మాత్రం ఇదెందుకు చేస్తోందా అనే చూశాను.

చివరి రోజు దీదీ ఫోను పైకెత్తి, “మూసేస్తున్నామని చెప్పే పేజీలో నీ ఫొటో పెట్టనా మాషీ?” అంది.

“ఎవరు చూస్తారు?”

“ఎవరైనా చూడొచ్చు.”

“వద్దు దీదీ.”

బతిమాలుతుందని, అలుగుతుందని, చేసిన మేలు గుర్తుచేస్తుందని కాచుకున్నాను. ఆమె ఫోను సంచిలో వేసుకుంది. ముఖం చిన్నబోలేదు. రెండోసారి అడగలేదు. నా అనుమానమంతా ఆ ఒక్క క్షణంలో కాళ్ళు విరిగి కూలబడింది.

ఇప్పుడు మా మరిది ఏదో కాగితం పట్టుకొచ్చి, “ఇక్కడ సంతకం ఎట్టు వదినా, నన్ను నమ్మవేటి?” అంటాడు. “నమ్మడం తరవాత. వద్దంటే ఏటవుద్దో ముందు సెప్పు,” అంటాను. ఎవరేం అడిగినా ముందు వద్దంటాను. తరవాత వాళ్ళ ముఖం చూస్తాను.