ఆ డిస్కు పాడవలేదు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయానని అనుకోకండి. వేళకు తిన్నాను, కంటినిండా నిద్రపోయాను, షాపు నడిపాను, పెళ్లి చేసుకున్నాను. కానీ ఎవరైనా నా బల్ల మీద కంప్యూటర్ పెట్టి "లోపల ఉన్నవి పోవు కదా?" అని అడిగినప్పుడల్లా ఆ అబద్ధమే గుర్తొస్తుంది. అదేమిటో మీకు చెబుతాను. మీరు క్షమించినా క్షమించకపోయినా నాకు ఒకటే. పేర్లు మాత్రం మార్చాను.

మాది సముద్రాన్ని నమ్ముకున్న ఇల్లు. నాకు పడవ పడలేదు. ఆమదాలవలసలో, స్టేషనుకు పోయే రోడ్డులో, కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాను. మా మేనత్త కొడుకు సింహాచలం బావ శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పేవాడు. సెలవు దొరికితే తీరం వెంట ఊళ్లు తిరిగి, ముసలివాళ్లను మాట్లాడించి, ఆ మాటలు రికార్డు చేసుకునేవాడు. అది అతని పిచ్చి. అవన్నీ లాప్‌టాప్‌లో దాచేవాడు. అందులో రెండు సిస్టంలు ఉండేవి. ఇంట్లోవాళ్లకు విండోస్, తన పనికి లినక్స్. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే మెనూ వచ్చేది.

అందరూ విండోస్ టెన్‌కు మారుతున్న రోజులవి. దానికి చోటు చాలక బావ తనే డిస్కులో భాగాలు అటూ ఇటూ జరిపాడు. అంతే, మెనూ పోయింది. నల్లటి తెర, దాని మీద రెండు తెల్లటి వరుసలు. ఏ సిస్టమూ లేవదు. కంగారుగా తెచ్చి నాకిచ్చి కాలేజీకి పోయాడు.

పెద్ద జబ్బేమీ కాదు. పెన్‌డ్రైవ్‌తో లేపి, మెనూను మళ్లీ ఎక్కించి, లినక్స్ ఎక్కడుందో దానికి చూపించాను. తెప్పించుకున్న టీ చల్లారకముందే రెండు సిస్టంలూ లేచాయి.

అక్కడితో ఆపి ఫోన్ చేసి ఉండాల్సింది. ఎందుకు ఆపలేదు? సౌండు వస్తుందో లేదో చూద్దామనుకున్నాను. ఇది నిజమే. కానీ అన్ని ఫైళ్లుండగా "అత్త" అని పేరున్నదే ఎందుకు తెరిచాను? బావకి అత్త అంటే మా అమ్మ. మా అమ్మ నాకు చెప్పనిది, బావకి ఏం చెప్పిందో వినాలనిపించింది. ఇది ఇంకా నిజం.

మా అమ్మ గొంతు. వెనక ఎక్కడో కోడి అరుస్తోంది. నేను పుట్టకముందు సంగతి చెబుతోంది. గాలివానలో పొరుగింటి ఆదెమ్మ మొగుడి పడవ ఇంజను ఆగిపోతే, మా నాన్న దాన్ని తన పడవకు తాడుతో కట్టి లాక్కొస్తున్నాడట. ఒడ్డు కనిపిస్తుండగా, కెరటాలు విరిగే చోట, రెండు పడవలూ మునగబోయాయట. నాన్న పడవలో ఆయన తమ్ముళ్లు ఉన్నారు. ఆయన కత్తి తీసి తాడు కోసేశాడు. ఆదెమ్మ మొగుడు పడవతో సహా మునిగిపోయాడు. ఒడ్డుకొచ్చి, తాడు తెగిపోయిందని చెప్పాడు. ఊరంతా నమ్మింది. ఆదెమ్మా నమ్మింది. చచ్చిపోయేదాకా నాన్న వేటనుంచి రాగానే ముందు ఆదెమ్మ గుమ్మంలో చేప పెట్టి, ఆ తర్వాతే మా ఇంటికి వచ్చేవాడు. ఆ మంచితనం చూసి నేను గర్వపడుతూ పెరిగాను.

చివర్లో అమ్మ అతనితో ఇలా అంది, మా వైపు బాబూ అనడానికి బావూ అంటారు. "నాను సచ్చిపోయాక ఇది ఆదెమ్మకి ఇనిపించు బావూ. బతికుండగా దాని మొగం సూసి సెప్పనేను."

హెడ్‌ఫోన్లు తీసేశాను. అప్పటికి మా అన్నలూ ఆదెమ్మ కొడుకూ ఒకే పడవ మీద వేటకు పోతున్నారు. ఆదెమ్మ చేతి కూడు తిని పెరిగినవాణ్ణి నేను. అమ్మకి చచ్చిపోయాక మనశ్శాంతి. మరి ఆ తర్వాత ఆ రెండు ఇళ్ల మధ్య బతకాల్సింది ఎవరు?

బావకి ఫోన్ చేసి, ఈ రికార్డింగులు ఇంకెక్కడైనా దాచావా అని మామూలుగా అడిగాను. లేదన్నాడు.

అమ్మ మాటలున్న ఆ ఒక్క ఫైలూ తీసేస్తే సరిపోయేది. కానీ ఒక్కటే పోతే అనుమానం వస్తుంది, మొత్తం పోతే దురదృష్టం అనుకుంటారు. అంత తెలివిగా ఆలోచించాను. లినక్స్ ఉన్న భాగాన్నంతా ఫార్మాట్ చేశాను. విశాఖపట్నం తీసుకెళ్లి చెరిపినవి వెనక్కి తెప్పిస్తాడేమోనని, ఆ ఖాళీని విండోస్‌కి ఇచ్చి, పాతవాటి జాడ మిగలకుండా నా దగ్గరున్న సినిమాలు అంచుదాకా నింపి, తర్వాత అవీ చెరిపేశాను. పాత ఊళ్లూ, పాత మాటలూ, ఎవరెవరి అమ్మలో, ఎవరెవరి తాతలో, అందరూ పోయారు. సాయంత్రం బావ వస్తే, డిస్కులో ఆ ముక్క పాడైందని, విండోస్ మాత్రం కాపాడానని చెప్పాను. అతను నా భుజం తట్టాడు.

ఆ ఆదివారం బావ మా ఇంటికి వచ్చి అమ్మ ముందు కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"అత్తా, నువ్వు సెప్పింది పోనాది. డిస్కు పాడైపోనాది."

"మొత్తం పోనాదా?"

"మొత్తం. మళ్లీ కూకుందాం. ఇంకోపాలి సెప్పు."

అమ్మ నావైపు తిరిగింది. "నీకు రాదేటిరా బాగుసెయ్యడం?"

"నా వల్ల కానేదమ్మా."

నా కళ్లలోకి చూసింది. తెలిసిందా? ఇప్పటికీ నాకు తెలియదు. "ఒకపాలి సెప్పడానికే నా పేణం సాలనేదు బావూ," అని సింహాచలం బావతో అంది. "రెండోపాలి నా వల్ల కాదు."

మరి చెప్పలేదు. కొన్నాళ్లకు పోయింది. ఆఖరి స్నానం ఆదెమ్మే చేయించింది, చెల్లెలికి చేయించినట్టు. నేను పక్కనే నిలబడి నీళ్లు అందించాను.

బావ మళ్లీ ఊళ్లు తిరగలేదు. కొత్త లాప్‌టాప్ కొన్నాడు, అందులో ఒక్క సిస్టమే. అతను మాట్లాడించిన ముసలివాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లు నాకేం చేశారు? బావ నాకేం చేశాడు? అక్కడ మాత్రం తల దించుకుంటాను.

మిగతా దానికి దించుకోను. మా నాన్న చేసినదానికీ సిగ్గుపడను. తాడు కోయకపోతే రెండు పడవలూ మునిగేవి, నేను పుట్టేవాణ్ణే కాదు. ఆ కెరటాల్లో మీరుంటే ఏం చేసేవారు? ఆదెమ్మకు నిజం తెలిసి ఉంటే ఆ ముసలితనంలో ఆమెకు ఏం మిగిలేది? నిజం మంచిదని సుఖంగా కూర్చున్నవాళ్లు అంటారు. అమ్మ తన బరువు దించుకోవాలనుకుంది. దించిన బరువు ఎక్కడో ఒకచోట పడాలి కదా, అది మా గుమ్మంలో పడకుండా చూశాను. మళ్లీ ఆ లాప్‌టాప్ నా బల్ల మీదకు వస్తే మళ్లీ అదే చేస్తాను.

చేస్తానా? అమ్మ గొంతు వినాలనిపించే రోజులున్నాయి. ఇంకెక్కడా లేదు ఆ గొంతు. ఫోన్లో పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. ఉన్న ఒక్కదాన్నీ నేనే చెరిపాను. అయినా చేస్తాను. ఆ గొంతు ఒక్కటీ విడిగా తీసి దాచుకుని, చేస్తాను.

ఆదెమ్మ ఇంకా ఉంది. మొన్న వెళ్తే జంతికలు పెట్టింది, తిన్నాను. ఆమెకు చెప్పను, బావకీ చెప్పను. వాళ్లెవరో తెలియని మీకు చెప్పాను. ధైర్యం లేకనే అంటారా, అనండి. ఇన్నేళ్లలో ఈ మాట నా నోటి నుంచి బయటికి రావడం ఇదే మొదలు. ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. అంతకంటే నాకేమీ వద్దు.