తంబాకు చేతులు

చేతులు కడుక్కున్నాక వేళ్లు వాసన చూసుకునే మనిషిని మా అత్తమ్మను తప్ప నేనింకెక్కడా చూడలేదు.

తాడ్వాయికి కోడలిగా వెళ్లినప్పుడు నాకు బీడీలు చుట్టడం రాదు. వాడకట్టంతా నవ్వింది. అత్తమ్మ మాత్రం నా చేతులు పట్టుకుని సంబరపడింది.

“గీ చేతులే గావాలె నాకు.”

ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. బీడీల్లో నింపే తంబాకు వాసన తగిలితే అవి చచ్చిపోతాయి. ఆమె చేతులేమో పొద్దంతా తంబాకులోనే ఉండేవి.

విత్తనానికి ఉంచిన గూళ్లలోంచి తెల్లటి రెక్కల పురుగులు బయటికొస్తే, ఆడదాన్ని కాగితం మీద పెట్టి బొచ్చె బోర్లించేది నేనే. తెల్లారి బొచ్చె తీస్తే ఆవగింజల కన్నా చిన్న గుడ్లు కాగితానికి అంటుకుని ఉండేవి. అత్తమ్మ సబ్బుతో కడుక్కొచ్చి, వేళ్లు వాసన చూసుకుని, చేతులు వెనక్కి పెట్టుకునేది. అలాగే వంగి మురిపెంగా చూసేది.

“అంచుకు వట్టు బిడ్డా. మడతవడొద్దు.”

కళ్లు ఆనక ఆమె బీడీలు మానేసిన మరుసటేడు నాకు పాప పుట్టింది. అత్తమ్మ చూడటానికి కామారెడ్డి దవాఖానకు వచ్చింది.

“ఎత్తుకో అత్తమ్మా,” అన్నాను.

వేళ్లు వాసన చూసుకుంది. చేతులు వెనక్కి పెట్టుకుని, పాప మీదికి వంగింది.

“నువ్వే వట్టుకో బిడ్డా. నేను గిట్లనే సూస్త.”