సునీతక్క గంట, నా లీడరు పదవి

మా చిన్నప్పుడు... మా బడి వరండాలో దూలానికి రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. ఇనుప కడ్డీతో ఒక్కటిస్తే చెరకు తోటల అవతల ఉన్నవాళ్లకి కూడా వినిపించేది. అదే మా గంట. ఆ కడ్డీ మా సునీతక్క చేతిలో ఉండేది... నా కళ్లు ఆ కడ్డీ మీద ఉండేవి.

అక్క అంటే ఎంతో పెద్దది అనుకునేరు! మా పెదనాన్న కూతురు. నాకంటే నాలుగు నెలలు ముందు పుట్టింది, అంతే. ఇద్దరం ఐదో తరగతే. పైగా క్లాసు లీడరూ తనే, గంట కొట్టేదీ తనే. సాయంత్రం లాంగ్ బెల్ కొడుతుంటే రెండు జడలూ ఎగిరెగిరి పడేవి... పిల్లలంతా ఒకటే కేకలు... నాకు మాత్రం కడుపు మండిపోయేది.

అది చాలదన్నట్టు, రెండు వేల ఆరులో వాళ్లమ్మ, అంటే మా నూకరత్నం పెద్దమ్మ, ఎంపీటీసీగా గెలిచింది. కొన్నాళ్లకే సర్పంచ్‌గా కూడా నిలబడి గెలిచింది. అనకాపల్లి నుంచి పూలదండలు... వాకిట్లో కొత్త ప్లాస్టిక్ కుర్చీలు... మా అమ్మ పెరట్లో అంట్లు తోముతూ, "రెండూ ఆలకే కావాలి" అని గిన్నెల మీద కోపం చూపించేది. నాకు ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలిసింది కదా!

ఓ రోజు పెద్దమ్మ మండలాఫీసు నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది. "ఒకలు రెండు పదవుల్లో ఉండకూడదంట. ఏదో ఒకటి వదులుకోమన్నారు" అంది. మండలం పెద్దది కదా, ఎంపీటీసీ ఉంచుకోమన్నాడు పెదనాన్న. పెద్దమ్మ వినలేదు. "అక్కడ పదిమందిలో ఒకలిగా కూకోవాలి. సర్పంచయితే కుళాయి రాకపోయినా, ఈదిలైటు ఎలగకపోయినా మన గుమ్మంలోకే వత్తారు" అంది. ఎంపీటీసీకి రాజీనామా రాసిచ్చేసింది.

నేను మాత్రం ఆ 'రెండు పదవులు' మాట గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు ప్రార్థన కాగానే హెడ్మాస్టారి ముందు నిలబడ్డాను.

"మేష్టారూ, ఒకలికి రెండు పదవులు ఉండకూడదంట కదండీ?"

"అవునమ్మా. ఎవరికున్నాయి?"

"సునీతక్కకండి. లీడరూ అక్కే, గంటా అక్కే."

మాస్టారు పెద్దగా నవ్వారు. కానీ న్యాయమే అనిపించిందేమో, అక్కని పిలిచి, "మీ అమ్మలాగే నువ్వూ ఒకటి వదిలెయ్యాలి. ఏది?" అన్నారు. గంట వదిలెయ్... గంట వదిలెయ్... అని నూకాలమ్మ తల్లికి మొక్కుకున్నాను. అంత గొప్ప లీడరు పదవి ఎవరు వదులుకుంటారు?

"లీడరు వదిలేత్తానండి" అంది అక్క. "పేర్లు రాత్తే అందరికీ నా మీద కోపం. గంట కొడితే అందరూ నవ్వుతారు."

అలా లీడరు పదవి నాకొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజు నుంచి మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, వాళ్ల చేత తిట్లు తినడం నా వంతు.

కొన్నాళ్లకి అక్కకి జ్వరం వచ్చి బడికి రాలేదు. సంతోషించానని చెప్పడానికి సిగ్గుగా ఉంది... కానీ సంతోషించాను. సాయంత్రం అందరికంటే ముందే పరిగెత్తి కడ్డీ అందుకున్నాను. అది అంత బరువుంటుందని అప్పటిదాకా తెలియదు. చెయ్యి పైకెత్తాను...

"ఆగమ్మా" అన్నారు మాస్టారు. "ఒకలికి రెండు పదవులు ఉండకూడదని నువ్వే కదా చెప్పేవు?"

కడ్డీ నా చేతిలోంచి తీసి వెనక వరసలో అమ్మాయికిచ్చారు. ఆ పిల్ల కొడుతుంటే నేను చెవులు మూసుకున్నాను. ఐదో తరగతి అయిపోయింది... ఆ గంట నేను ఒక్కసారి కూడా కొట్టలేదు.

మొన్న ఒక పెళ్లిలో సునీతక్కకి ఇదంతా చెప్పాను. పడీ పడీ నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "గంట కావాలని నన్నడగొచ్చు కదే... నీకు కాపోతే ఎవలికిత్తాను? రోజూ ఇచ్చీదాన్ని" అంది.

అడగొచ్చని నాకు తట్టనే లేదు. చూశారా... చివరికి మంచిది అనిపించుకునేది కూడా తనే!

ఇప్పుడు ఆ బడిలో కరెంటు గంట. స్విచ్ నొక్కితే మోగుతుంది... ఎవరి జడలూ ఎగరక్కర్లేదు, ఎవరి కడుపూ మండక్కర్లేదు. ఆ రైలుపట్టా ముక్క ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

మీ బడిలో గంట ఎవరు కొట్టేవారు? కింద రాయండి... మీరే కొట్టి ఉంటే మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పండి. నాకింకా కుళ్లు పోలేదు.