మామయ్య విప్పిన ఇంజను

మొన్న మా మనవడు కొత్త కారు కొని, నన్ను ఎక్కించుకుని ఊరు తిప్పుతానని వచ్చాడు. ఎక్కే ముందు, నా అలవాటు కొద్దీ, ముందు మూత ఎత్తి ఇంజను చూపించమన్నాను. "దీనికి ఇంజనుండదు అమ్మమ్మా, కరెంటు కారు," అన్నాడు. ఎత్తి చూపిస్తే నిజమే, లోపలంతా పెళ్లివారు ఖాళీ చేసిన విడిదిల్లులా ఉంది. కారు కదిలిందో లేదో కూడా తెలియలేదు. అందరూ బాగుందన్నారు, నేనూ బాగుందన్నాను. కానీ చప్పుడు లేని బండి మీద నాకు నమ్మకం కుదరదు. కార్ల మీద నాకున్న నమ్మకమూ, అనుమానమూ రెండూ మా మామగారి కారు దగ్గర నేర్చుకున్నవే.

నేను కాపురానికి వచ్చేనాటికే, కోదాడ పక్కన పల్లెలో ఉన్న మా అత్తవారింట్లో ఆ కారు ఉంది. ఇంగ్లండులో తయారైన కారు. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు. హైదరాబాదులో ఎవరో తెల్లదొర ఊరు విడిచి వెళ్తుంటే మామయ్య కొన్నారట. మొదట్లో ఒక డ్రైవరును పెట్టుకుని, గేరు మార్చినప్పుడల్లా వాడు బండిని ఏడిపిస్తున్నాడని మాన్పించి, తానే నేర్చుకున్నారు. ఆయనకు ఇంట్లో ఎవరి మీద కోపం వచ్చినా వెళ్లి కారు తుడిచేవారు. అది ఎప్పుడు చూసినా అద్దంలా మెరుస్తూ ఉండేదంటే మా ఇంటి సంగతి మీరే ఊహించుకోండి. మా వారు హైదరాబాదులో చదువుకుంటూ ఉండేవారు కాబట్టి ఆ కోపాల్లో వారి వాటా తక్కువ.

అంతలో పోలీసు చర్యకు ముందటి గడబిడ రోజులు వచ్చాయి. తుపాకి పట్టుకున్నవాళ్లు ఎవరు ఊళ్లోకి వచ్చినా ముందు అడిగేది బండి. ఎవరని మాత్రం నన్ను అడగకండి, ఆ రోజుల్లో అందరికీ కార్లే కావలసి వచ్చాయి. మామయ్య ఒక ఉపాయం చేశారు. మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఇంజన్లు బాగుచేసే ఉస్తాదును పిలిపించి, ఇంజనును నట్టు నట్టుగా విప్పించారు. ఇంజను బరువైన దిమ్మ మా కొట్టంలో గడ్డివాము కిందికి పోయింది. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరు కోదాడలో అత్తయ్య తమ్ముడింటికీ, పిస్టన్లూ, అవి తిప్పే ఇరుసులాంటి క్రాంకూ, రెంటినీ కలిపే కడ్డీలూ మిర్యాలగూడలో మామయ్య అక్కగారింటికీ చేరాయి. "ఇగ ఎత్కపోమను. ఎట్ల ఎత్కపోతరో సూస్త," అని మామయ్య చాలా రోజులకు నవ్వారు. నిజంగానే వచ్చినవాళ్లు మూత ఎత్తి చూసి, ఆయన్ను నాలుగు తిట్లు తిట్టి వెళ్లిపోయారు.

ఆ ఎండాకాలంలో, నెలలు నిండకముందే నాకు నొప్పులు వచ్చాయి. తన వల్ల కాదని మంత్రసాని చెప్పేసింది. బస్సులు లేవు. కారు మూడు ఊళ్లలో ఉంది. ఎడ్లబండిలో గడ్డి పరిచి నన్ను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. మునగాల దాటాక ఒక వాగు వస్తుంది. బాబు బండిలోనే పుట్టాడు, ఆ వాగు దగ్గర పోయాడు. కారులో అయితే గంటకు కాస్త ఎక్కువ దారి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మామయ్య మాత్రం కారు తుడవడం మానేశారు. దాని మీద కోళ్లు ఎక్కినా అదిలించేవారు కాదు.

పోలీసు చర్య అయిపోయి, ఊళ్లు కాస్త కుదుటపడ్డాక, మరుసటి ఏడు నాకు మళ్లీ నెల తప్పింది. అత్తయ్య ఆ సంగతి చెప్పినప్పుడు మామయ్య భోజనం చేస్తున్నారు. విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

"పెరుగన్నం తినకుంట యాడికి?" అంది అత్తయ్య.

"మిర్యాలగూడకు. ఇంజను తేవాలె."

మామయ్య అక్కగారు శుభ్రానికి పెట్టింది పేరు. ఆమె ఇంట్లో నూనె జిడ్డుతో ఒక వస్తువు ఊరికే పడి ఉండటం అసంభవం. పిస్టన్లను చింతపండుతో తోమింది. అక్కడితో ఆగినా బాగుండేది. కడ్డీలు క్రాంకును పట్టుకునే చోట లోపల మెత్తటి తెల్ల లోహం పూత ఉంటుంది. ఇంజనుకు ప్రాణం అందులోనే ఉంటుందట. ఆమె కంటికి అది అరిగిపోయిన పాత కళాయిలా కనిపించింది. వీధిలోకి కళాయి వేసేవాడు వచ్చినప్పుడు ఇత్తడి గిన్నెలతో పాటు ఇచ్చి, పాతది గీకించి, కొత్తగా కళాయి పెట్టించింది. మామయ్య వెంట వచ్చిన ఉస్తాదు వాటిని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"మస్తు జేసిన్రు పటేల్ సాబ్. వీట్ల పులుసు గాయొచ్చు. ఇంజను మాత్రం నడ్వది," అన్నాడు.

"వచ్చిన వస్తువును వచ్చినట్టే మురికితోని పంపుతరా ఎవరన్న?" అందట ఆమె. తప్పు చేశానని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. కోదాడ నుంచి వచ్చిన కార్బొరేటరే నయం, దాని బెజ్జంలో కందిరీగ మట్టిగూడు ఒక్కటే ఉంది.

ఉస్తాదు మా కొట్టం ముందు పందిరి వేసుకుని కూర్చున్నాడు. నోరు కట్టేస్తే చెయ్యి ఆడని రకం. బొగ్గుల కుంపటి మీద తెల్ల లోహం కరిగించి కడ్డీల్లో కొత్తగా పోశాడు. అసలు పని ఆ తర్వాతే. క్రాంకుకు రంగు పూసి, కడ్డీ బిగించి, తిప్పి, విప్పి, ఎత్తుగా ఉండి రంగు అంటుకున్న చోట సన్నగా గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ బిగించాలి. అంతటా సమానంగా అంటేదాకా అదే వరస. "దీనికి బిలాతి నీలం రంగు ఉంటది. గీడ యాడ దొర్కుతది? జర కాటుక ఇప్పియ్యున్రి," అన్నాడు.

అత్తయ్య ముఖం మారిపోయింది. మొదటిసారి పొత్తిగుడ్డలు, కాటుక అన్నీ ముందే సిద్ధం చేసుకున్నామని, అందుకే అలా అయిందని ఆవిడ నమ్మకం. ఈసారి కాన్పు కాకముందు బిడ్డకు సంబంధించిన ఏ వస్తువూ ఇంట్లో తయారు కాకూడదని ఆజ్ఞ. అయినా లోపలికి పోయి ఆముదం దీపం వెలిగించి, దాని మీద రాగిపళ్లెం బోర్లించింది. "ఇది ఇంజనుకే," అంది గట్టిగా. నాకు చెప్పిందనుకున్నాను. తర్వాత తెలిసింది, దేవుడికి చెప్పిందని.

గీకే పని మామయ్య తానే పట్టారు. ఉస్తాదు పక్కన కూర్చుని చెప్పేవాడు. పొద్దున కూర్చుంటే ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా లేచేవారు కాదు. వాకిట్లో నేను అటూ ఇటూ తిరుగుతుంటే తలెత్తి చూసి, మళ్లీ గబగబా గీకేవారు. "తొందర జేస్తె ఇంజను పట్టేస్తది సాబ్," అనేవాడు ఉస్తాదు. "తొందర నాది కాదయ్యా," అనేవారు మామయ్య.

ఇంజను తిరిగి బిగించాక, ఒక ఉదయం కారు ముందున్న హ్యాండిలు తిప్పితే అది దగ్గి, తెల్లటి పొగ కక్కి, అందుకుంది. పాడి ఆవు పలుపు తెంపుకుని పారిపోయింది. ఉస్తాదు చేతులు పైకెత్తి ఊరంతా వినేలా తనను తాను మెచ్చుకున్నాడు. మామయ్య నవ్వలేదు. తల వంచి ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. ఆ తర్వాత రోజూ కోదాడ దాకా మెల్లగా నడుపుకుని వెళ్లి వచ్చేవారు, దానికి అలవాటు కావాలని.

నొప్పులు ఒక తెల్లవారుజామున వచ్చాయి. అత్తయ్య, నేను వెనక కూర్చున్నాం. వాగు వస్తుందని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి అది ఎప్పుడో వెనకబడిపోయింది. సూర్యాపేట దవాఖానలో, ఎండ ముదరకముందే ఆడపిల్ల పుట్టింది.

కొన్నాళ్లకు పిల్లతో తిరిగి వస్తున్నప్పుడు మామయ్య వాగు గట్టున కారు ఆపారు. ఇంజను కూడా ఆపేశారు. మళ్లీ అందుకుంటుందో లేదో అన్న భయంతో దారిలో ఎక్కడా ఇంజను ఆపని మనిషి.

"ఈడనే గదా?" అన్నారు వెనక్కి తిరగకుండా.

"ఆ, ఈడనే," అంది అత్తయ్య.

"నేను ఇంజను ఇప్పకపోతె..." అన్నారు.

ఆయన మీద నాకు కోపం ఉండేది. ఏడాదికి పైగా, అన్నం వడ్డిస్తూ కూడా ఉండేది. ఆ మాట విన్నాక అది నిలవలేదు. మామగారితో ఎదురుగా మాట్లాడే అలవాటు మాకు లేదు. దిగి, ముందుకు వెళ్లి, "పిల్లను జర పట్టుకోన్రి మామయ్యా," అని ఆయన ఒడిలో పెట్టాను. ఆయన పిల్లను పట్టుకుని, వాగు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ బాబు బతికుంటే ఈపాటికి వాడికీ మనవలుండేవారు. నా మనసులో మాత్రం వాడు ఇంకా ఆ ఎడ్లబండిలోనే ఉన్నాడు. మేమందరం కారెక్కి ఇంత దూరం వచ్చేశాం.