బేస్‌మెంట్‌లో జర్మన్ సవతి

సూర్యప్రకాశ్ గారు తమ బేస్‌మెంట్‌లో ఒక జర్మన్ ఆవిడను దాచారని అమెరికాలో పార్సిప్పనీ ఊరి తెలుగువాళ్ళలో పుకారు. ఆవిడను చూసినవాళ్ళు లేరు. ఆ మాట విననివాళ్ళూ లేరు.

ఆయన భార్య పద్మినికి మాత్రం అసలు సంగతి తెలుసు. కింద ఉన్నది ఆడది కాదు, జర్మన్ సబ్‌మెరైన్. రిటైరైన ఇంజనీరు మొగుడు రేకులు వంచి, అతికి చేసుకున్న మూరెడు బొమ్మ. ‘ఆడదైనా బాగుండును, పోట్లాడటానికి నోరుండేది’ అనుకునేదామె. పెళ్ళాం చీర రంగు ఏనాడూ చూడని మనిషి, దానికి ఏ బూడిదరంగు వెయ్యాలో తేలక అన్నం మానేశాడు మరి! భోజనాల దగ్గరా దాని కథే. ఆమె తలెత్తేది కాదు.

దసరాకి పద్మిని బొమ్మల కొలువు పెట్టింది. పేరంటానికొచ్చిన ఎదురింటి మీనా శనగల ప్యాకెట్ అందుకుంటూ, “ఏం పద్మినక్కా, బేస్‌మెంట్‌లో ఆవిడకి బొట్టు పెట్టలేదా?” అంది. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారందరూ.

పద్మినికి అరికాలి మంట నెత్తికెక్కింది. కిందికి దిగి, సబ్‌మెరైన్‌ని చంకనేసుకొచ్చి, కొలువు ముందు పూలు వేసిన ఇత్తడి గంగాళం నీళ్ళలో వదిలింది.

“ఇదిగో నా సవతి. పెట్టండి బొట్టు!”

మీనా నిజంగానే పెట్టేసింది. ఇక దశావతారాల వంక చూసిన కన్ను లేదు. లబలబలాడుతూ వెనకే వచ్చిన సూర్యప్రకాశ్ అంతమంది ఆడవాళ్ళను చూసి, ఏడుపు మాని కథ ఎత్తుకున్నాడు.

“తీరం దగ్గర తిరిగే చిన్న రకం అమ్మా ఇది. పాతికమంది మనుషులు, ఐదే టార్పెడోలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాళ్ళకి నల్లసముద్రంలో ఇలాంటివి ఆరు కావాల్సొచ్చాయి. సముద్రం మీదుగా దారి లేదు. ఊడదీసి, ట్రైలర్ల మీద రోడ్డెక్కించి, డాన్యూబ్ నదిలో దింపారు!”

“మన రూట్ ఎయిటీ మీద వస్తే ఎగ్జిట్ మిస్సయ్యేది,” అంది మీనా.

“ఆఖరికి ఇంటికెళ్ళే దారీ మూసుకుపోయింది. మిగిలిన మూడింటినీ పరాయి చేతికివ్వలేక, టర్కీ ఒడ్డున వాళ్ళకి వాళ్ళే ముంచేసుకున్నారమ్మా...”

ఆయన గొంతు జీరబోయింది. పెళ్ళాం ఆపరేషన్ నాడు కూడా ఆ గొంతు వణకలేదని పద్మినికి గుర్తొచ్చింది.

“అన్నయ్యగారూ, రేపు దీన్ని మా కొలువుకివ్వరూ? మీరూ వచ్చి కథ చెప్పాలి, ప్లీజ్!” అంది మీనా.

“తప్పకుండా అమ్మా!”

పద్మిని గుడికి రమ్మంటే మోకాళ్ళు నొప్పులనే మనిషి! ఇన్నాళ్ళూ సవతి మీద ఏడ్చింది. ఇప్పుడు సవతీ మొగుడూ కలిసి ఎదురింటికి బయల్దేరుతున్నారు. గంగాళంలో చెయ్యిపెట్టి దాని పైమూత తీసింది. సబ్‌మెరైన్ నీళ్ళు నిండి, గుడగుడమంటూ అడుక్కి పోయింది. కుంకుమ పైకి తేలింది.

“వాళ్ళూ ఇదేగా చేసింది, పరాయి చేతికివ్వలేక?” అంది.

సూర్యప్రకాశ్ ఆమె వైపు తిరిగాడు. “పద్దూ, నువ్వు ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నావా?”

పద్మిని జర్మన్ ఆవిడను గంగాళంలో ముంచేసిందన్న కబురు తెల్లారేసరికి ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న అల్ఫారెట్టా దాకా పాకింది. ఫోన్లే ఫోన్లు. సూర్యప్రకాశ్ అందరికీ ఒకటే పాట. “జర్మన్ ఆవిడా? మా ఇంట్లోనా? ఎవరూ మునగలేదు. మా ఆవిడకి అసూయంటేనే తెలీదు.”

పక్కన పద్మిని హెయిర్ డ్రయ్యర్‌తో సబ్‌మెరైన్‌ని ఆరబెడుతోంది.

“ఆ చప్పుడా? బేస్‌మెంట్‌లోంచి కాదండీ. అసలు మాకు బేస్‌మెంటే లేదు!”