రెండు ముక్కల ఎర్రగుడ్డ

పోయిన నెల భూపాలపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్లాను. నేను చెప్పబోయే మాటలకన్నా ముందే అక్కడ ఒక సంగతి చూశాను. మీసాలు నెరుస్తున్న ఒక టెక్నీషియన్ కంట్రోల్ రూములోకి వచ్చి, జేబులోంచి ఎర్రగుడ్డ పేలిక తీసి, అంచు పంటితో కొరికి, పర్రున రెండుగా చింపాడు. ఒక ముక్క బోర్డు ముందు కూర్చున్న ఆపరేటర్ చేతికిచ్చి, రెండోది తీసుకుని యంత్రాల వైపు నడిచాడు. ఏమీ తెలియనట్టు, "అదెందుకు?" అని అడిగాను. "గుడ్డ ఇయ్యకుంట నట్టు ముట్టొద్దు సార్. మొదటిసంది గింతే" అన్నాడు. ఆ మొదలు ఎక్కడో అతనికి తెలియదు. నాకు తెలుసు. మానుకోట బయట ఊక కాల్చి కరెంటు తీసే ఒక చిన్న ప్లాంటులో, నా తలపొగరు పొయ్యి ఆర్పిన మధ్యాహ్నం అది మొదలైంది. మానుకోట అంటే మహబూబాబాద్. మావాళ్లకు ఆ పొడుగు పేరు ఎప్పుడూ నోరు తిరగదు.

నేను వైమానిక దళంలో ఇరవై ఏళ్లు పనిచేశాను. విమానం నడపలేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మా జనగామలో చాలాకాలం ఎవరైనా నన్ను పైలట్ అనుకుంటే నేను దిద్దేవాణ్ణి కాదు. విమానానికి కళ్లూ చెవులూ లాంటి రేడియోలు, ఎత్తు చూపే మీటర్లు, దారి చూపే పెట్టెలు బాగుచేయడం నా పని. మా హ్యాంగర్‌లో కిరోసిన్ వాసన, చల్లటి సిమెంటు నేల, దేవుడి గదిలో లాంటి నిశ్శబ్దం ఉండేవి. పనిముట్లు వేలాడే పలక మీద ఒక్కొక్కదాని ఆకారం రంగుతో గీసి ఉండేది. సాయంత్రానికి ఏ ఆకారమైనా ఖాళీగా కనిపిస్తే, ఆ స్క్రూడ్రైవర్ దొరికేదాకా విమానం కదలదు. ఏ పరికరం మీద అనుమానం వచ్చినా దానికి ఎర్ర పట్టీ కడతాం. పట్టీ కట్టిన విమానాన్ని ఎగరేయమని ఎంత పెద్ద అధికారీ అనడు. ఇరవై ఏళ్లు అలా గడిస్తే, లోకమంతా తన ఎర్ర పట్టీ కోసమే ఆగి ఉందని మనిషికి అనిపిస్తుంది. నాకు అనిపించింది.

ఇంటికి వచ్చిన కొత్తలో వంటగది గోడ మీద గంటెలకు, జల్లెడకు, కత్తిపీటకు బొగ్గుతో ఆకారాలు గీశాను. మా ఆవిడ వారం రోజులు ఓపిక పట్టింది. ఎనిమిదో రోజు నేను ఖాళీగా ఉన్న గంటె ఆకారం చూపించి విచారణ మొదలుపెడితే, "గంటె ఏడికి పోతది, పాకిస్తాన్‌కు పోతదా? పప్పుల ఉన్నది, చూడు" అంది. తర్వాత గోడకు సున్నం వేయించింది. నా జేబులో ఎప్పుడూ ఉండే ఎర్రగుడ్డ పేలికల మీద కూడా ఆమెకు బెంగే. "గవి పట్టుకొని భూపాలపల్లి అడవి దిక్కు తిరుగకు, నక్సలైటువనుకుంటరు. నువ్వు విమానాలోడివని పోలీసోళ్లకు నేనెక్కడ చెప్పుకోవాలె" అనేది.

ఆమె బెంగకు కారణం గుడ్డ ఒక్కటే కాదు. జనగామలో బ్యాటరీలు, ఇన్వర్టర్లు అమ్మే దుకాణంలో కుదిరితే, ఒక గిరాకీ నన్ను "ఓ మిస్త్రీ" అని పిలిచాడని వదిలేసి వచ్చాను. భూపాలపల్లిలో మట్టి ఎత్తే యంత్రాల వర్క్‌షాపులో ఒక బండికి ఎర్ర పట్టీ కట్టి, "ఇది కదలడానికి వీల్లేదు" అని కాంట్రాక్టరు ముందు నిలబడ్డాను. నేను చెప్పిన లోపం నిజమే. చెప్పిన తీరు మాత్రం కోర్ట్‌మార్షల్‌లా ఉంది. మూడోది ఈ ఊక ప్లాంటు. చేరేముందు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా, "ఇదన్న నిలుపుకో. గిది కూడ పోతే నీకు పని రాదనరు, మనుషులతోని పడదంటరు" అంది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ అధికారీ అంత సూటిగా నా గురించి చెప్పలేదు. ఇది కూడా పోతే ఇంకెక్కడా నిలవలేనని నాకూ లోపల తెలుసు.

ఊక ప్లాంటు చూసినవాళ్లకే తెలుస్తుంది. రైసుమిల్లుల నుంచి ట్రాక్టర్లలో వచ్చే ఊక గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. గాలి తోలితే అది జుట్టులోకి, చొక్కాలోకి, సద్ది డబ్బాలోకి కూడా వస్తుంది. కొత్త బియ్యం వాసన, కాలిన వాసన కలిసి పగలూ రాత్రీ ఒకటే వాసన. చప్పుడూ అంతే, ఆగదు. అక్కడ నా పై అధికారి నాకన్నా చాలా చిన్నది. ఊరి పక్క తండా బిడ్డ, వాళ్ల ఇళ్లలో మొదటి ఇంజినీరు. అందరూ ఇంజినీరమ్మ అనేవారు. నన్ను మొదటి రోజే "అన్నా" అని పిలిచింది. నేను "మేడం" అనేవాణ్ణి, అందులో గౌరవం కన్నా దూరం ఎక్కువ. ఇంకో సంగతీ ఉంది. వైమానిక దళంలో తెలుగువాళ్లే నా మాట విని నవ్వేవారు. సినిమాల్లో హాస్యగాడు మాట్లాడినట్టుందనేవారు. ఆ నవ్వుకు జడిసి నేను భాష మార్చుకున్నాను. "అండీ", "వస్తోంది", "చేస్తున్నాను" అలవాటు చేసుకున్నాను. తెలంగాణ కావాలని ఊరూరా శిబిరాలు వేసి కూర్చున్న రోజుల్లో, మా ప్లాంటులో అందరూ తలెత్తి తమ మాట మాట్లాడుతుంటే, నేనొక్కణ్ణే ఎక్కడినుంచో డెప్యుటేషన్ మీద వచ్చినవాడిలా ఉండేవాణ్ణి.

ఉద్యమం సమ్మెగా మారింది. బొగ్గుబావుల్లో పని ఆగింది, కరెంటు కోతలు పెరిగాయి, రోడ్ల మీద బైఠాయింపులు. ఊక ట్రాక్టర్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఉన్న ఊకతో పొయ్యి ఆరకుండా కాపాడుకోవడమే ఆ రోజుల్లో మా అందరి పని. ఆరితే మళ్లీ అందుకోవడానికి ఎండుకట్టెలు కావాలి, అవీ రోడ్డు దాటి రావాలి.

అలాంటి ఒక మధ్యాహ్నం, బాయిలర్‌లో నీటిమట్టం చూపే పరికరం తడబడుతున్నట్టు నా కంటికి పట్టింది. అనుమానం రాగానే ఇరవై ఏళ్ల చెయ్యి తనంతట తానే కదిలింది. ఎర్ర పట్టీ కట్టాను, వాల్వులు మూశాను, పరికరం విప్పడం మొదలుపెట్టాను. కంట్రోల్ రూముకు ఒక్క మాట చెప్పాలన్న ఆలోచనే రాలేదు. హ్యాంగర్‌లో ఎవరికి చెప్పాలి? అక్కడ విమానం నేల మీద నిద్రపోతూ ఉంటుంది. ఇక్కడ ఆ పరికరం మాట ఆగిపోగానే, బాయిలర్‌లో నీళ్లు లేవనుకుని రక్షణ ఏర్పాటు మొత్తం ప్లాంటును ఆపేసింది. ఫ్యాన్లు నీరసంగా మూలిగి ఊరుకున్నాయి, గాలి అందక పొయ్యి ఆరింది. టర్బైన్ కూత సన్నబడి ఆగింది. నేనింకా స్క్రూ తిప్పుతూ, అబ్బ, ఇప్పుడు పని చేసుకోవడానికి హాయిగా ఉంది అనుకున్నాను. నా జీవితంలో అంత తెలివితక్కువగా అనుకున్న మాట ఇంకోటి లేదు.

ఆపరేటర్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవలు ముట్టిన్రు దీన్ని? ఏంది సార్, పొయ్యి ఆర్పిన్రు గదా" అన్నాడు. నేను నిటారుగా నిలబడి, "ఈ గేజు తప్పు చూపిస్తోందండీ. నేను పక్కన పెట్టాను. ఇందులో నా తప్పేముంది?" అన్నాను. అప్పటికి ఇంజినీరమ్మ వచ్చింది. పరికరం చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అరుస్తుందనుకున్నాను.

"గేజు ఖరాబయిన మాట నిజమే అన్నా. మీరు పట్టుకున్నది కరెక్టే. గని మన విమానం కిందికి దిగేది గాదు, ఎప్పుడు గాలిలనే ఉంటది. మీరు రెక్క మీద నిలబడి నట్టు ఇప్పిన్రు."

అంతే అంది. చున్నీ నడుముకు చుట్టుకుని, "రాండ్రి, కట్టెల ట్రాక్టర్ రోడ్డు మీద ఆగిందంట, అడుగుదాం" అని నడిచింది. నేను వెనక నడిచాను.

రోడ్డు మీద టార్పాలిన్ కింద ఊరివాళ్లు కూర్చున్నారు. ఒక పక్క వంట, ఒక పక్క డప్పు. వాళ్లలో సగం ఆమె తండావాళ్లే. ఆడవాళ్లతో తమ ఇంటి భాషలో ఏదో మాట్లాడింది, వాళ్లు జరిగి చోటిచ్చారు. ముందు కూర్చున్న పెద్దాయన మాత్రం కదల్లేదు. "కరెంటు పోతే పోనియ్ బిడ్డా. తెలంగాణ రావాలె, గంతే" అన్నాడు. "రావాలె కాక, నేను కాదన్ననా? వచ్చేదాంక వరి ఎండొద్దు గద" అంది ఆమె. ఆయన నా వైపు చూశాడు. నేను గొంతు సవరించుకుని, "చూడండి, సాంకేతిక కారణాల వల్ల..." అని మొదలుపెట్టగానే నవ్వులు లేచాయి.

"గీ సారు ఏ దేశపోడు?" అన్నాడు పెద్దాయన.

"మన జనగామ అన్ననే. ఎయిర్‌ఫోర్సుల చేసి వచ్చిండు" అంది ఇంజినీరమ్మ.

"మీదికి పోయినోడు మాట మీదనే ఇడిసిపెట్టి వచ్చిండా?"

ఇరవై ఏళ్ల కింద నన్ను చూసి నవ్వింది నా మాటకు. ఇప్పుడు నవ్వుతున్నది నాది కాని మాటకు. పక్కకు చూశాను. నా బదులు ఆమె ఏదో ఒక సాకు చెప్పి నన్ను కాపాడగలదు, చెప్పడానికి సిద్ధంగానే ఉంది కూడా. ఎందుకో ఆ సాకు ఆమె చేత చెప్పించబుద్ధి కాలేదు.

"పొయ్యి నేనే ఆర్పిన కాకా" అన్నాను. "అడగకుంట ముట్టిన. నాదే తప్పు. జర కట్టెల బండి పోనియ్యిండ్రి."

ఆ మాటలు ఏ మూల నుంచి వచ్చాయో, చిన్నప్పుడు మా బాపు ముందు నిలబడ్డ గొంతుతో వచ్చాయి. పెద్దాయన, "గట్ల చెప్పు మరి" అని పక్కకు జరిగాడు. బండి కదిలాక వెనక నుంచి, "సారూ, మల్ల ఆర్పకు" అని ఎవరో అంటే, ఈసారి నవ్వులో నేనూ కలిశాను.

పొయ్యి మళ్లీ అందుకుంది. మర్నాడు ప్లాంటు యజమాని సేటు నన్ను తీసెయ్యమన్నాడు. ఇంజినీరమ్మ ఆయన గదిలో నిలబడి చెప్పిన మాటలు బయట బెంచీ మీద కూర్చున్న నాకు వినబడ్డాయి. "గేజు సంగతి ఆయన సూడకపోతే రేపు నిజంగనే నీళ్లు అయిపోయినా మనకు తెల్వకపోవు. చెప్పకుంట ముట్టిండు, గది నేర్పని తప్పు నాది గూడ." ఆమెది ఏ తప్పూ లేదు. తన వంతు అంటూ సగం మీద వేసుకుంది. పెద్దరికం వయసుతో రాదని నాకు అర్థం కావడానికి ఆ బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది.

బయటికి వచ్చి నా ముందు చెయ్యి చాచింది. "మీ ఎర్రగుడ్డ ఒకటి ఇటియ్యిండ్రి" అంది. చింపి, ఒక ముక్క నాకిచ్చి, కంట్రోల్ రూముకు నడిచి ఇంకోటి ఆపరేటర్ బోర్డుకు కట్టింది. "మీ పద్ధతి మంచిదే అన్నా, సగమే ఉన్నది. గుడ్డ ఒక్కతాన కడితే మీకే ఎరుక. రెండు తాన్ల కడితే ఇద్దరికెరుక. పనయినంక రెండు ముక్కలు ఒక్కతానికి రావాలె." నేను ఇరవై ఏళ్లు మోసుకొచ్చిన అలవాటును ఆమె పారేయలేదు, నవ్వలేదు, గోడకు సున్నం వేసినట్టు చెరిపేయలేదు. తక్కువైన సగం కలిపింది. ఆ తర్వాత చాలా రోజులు ఆపరేటర్ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, నడుస్తున్న ప్లాంటును వినడం నేర్పింది. ఆ స్టూలు మీద కూర్చున్నాకే నేను ఆమెను మేడం అనడం మానేసి "అమ్మా" అనడం మొదలుపెట్టాను. ఆ ఉద్యోగం నిలిచింది. దాని మీద ఇంకో రెండు నిలిచాయి. ఆమె తర్వాత పెద్ద ప్లాంట్లకు వెళ్లింది. వెళ్లిన చోటల్లా ఎర్రగుడ్డ వెంట వెళ్లి ఉంటుంది.

పోయిన నెల ఆ టెక్నీషియన్‌కు ఇదంతా చెప్పలేదు. అతను పని ముగించి వచ్చి, తన ముక్కను ఆపరేటర్ ముక్క పక్కన పెట్టి, అంచుకు అంచు కలిసిందో లేదో చూసుకుని జేబులో వేసుకున్నాడు. ఇంజినీరమ్మ కూడా సరిగ్గా అలాగే చూసేది. కాలం కూడా ఆ ప్లాంటు లాంటిదే, మనల్ని మనం బాగుచేసుకోమని ఎక్కడా దిగి ఆగదు. నేను గాలిలో ఉండగానే నట్లు బిగించుకున్న ఆ రోజుల్లో, నా రెండో ముక్క ఆమె చేతిలో ఉంది.