బోణీ మొరిగిన గడ్డివామి

బందరు అగ్నిమాపక కేంద్రానికి లీడింగ్ ఫైర్‌మన్‌గా వచ్చిన రెండో ఏడు, ఏడాదిన్నర పట్టే శిక్షణను ఆరు నెలలకు బేరమాడి తెచ్చాను. శాఖలో ఇంకెవరూ చెయ్యని ఘనకార్యం. గుడివాడలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి; చెప్పిన ధరకు ఏదీ తీసుకోను.

శిక్షణ, తప్పిపోయిన మనుషుల్ని వెతకడానికి. శిష్యురాలు బోణీ, మా ఇంటి కుక్క. శాఖకు కుక్కలు లేవు. సెలవు రోజుల్లో స్వచ్ఛందంగా అయితే అభ్యంతరం లేదన్నారు స్టేషన్ ఆఫీసరు గారు. పోలీసు కుక్కలకు నేర్పే శిక్షకుడొకాయన నాకు చెప్పిన పద్ధతి ఇది: దాక్కున్న మనిషిని కుక్క వాసనతో పట్టాలి, అతని దగ్గరే నిలబడి మొరగాలి, అప్పుడు ఆ మనిషే దానికి ఉడకబెట్టిన గుడ్డు పెట్టాలి. మనిషి దొరక్కుండా గుడ్డు లేదు.

మంగినపూడి సరుగుడు తోటల్లో దాక్కునే పని మా పక్కింటి ఖాదర్ గారిది. బోణీ ఆయన్ని చేరడానికి ఒక్కోసారి గంట పట్టేది. ఆ గంట నాకు దండగ అనిపించింది. ఆయన ఉన్న దిక్కుకు తిరిగి మొరిగితే చాలు, నా జేబులోంచి గుడ్డు తీసి పెట్టేవాణ్ణి.

"ఏం బావగారూ, నేనింకా చీమల్లోనే ఉన్నాను, దాని కూలి అప్పుడే ఇచ్చేశారా?" అన్నారాయన లుంగీ దులుపుకుంటూ.

త్వరగా తెమిలింది కదండీ అన్నాను.

ఆ ఏడు కృష్ణకు వరద వచ్చింది. నీరు తీసిన మర్నాడు దివిసీమలో ఒక లంకకు పడవలో వెళ్లాం. గేదెల్ని విప్పడానికి వెళ్లిన నాంచారయ్య అనే రైతు తిరిగి రాలేదు. కూలిన గడ్డివామి దగ్గర బోణీ మొరిగింది. నేను చెయ్యెత్తాను. చెయ్యెత్తితే మనిషి దొరికినట్టు; మిగతావాళ్లు వెతకడం ఆపి అక్కడికి రావాలి. ఎనిమిది మందిమి రెండు గంటలు తడిగడ్డి లాగాం. కింద ఒట్టి నేల. బోణీ నా జేబు వైపు చూస్తోంది.

నాంచారయ్య అరటితోట అవతల, పడిపోయిన పాక కింద దొరికాడు. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది. ప్రాణం పోయి గంట కూడా అయివుండదన్నారు వెంట వచ్చిన డాక్టరు గారు. అతని భార్య చాలాసేపు తల పక్కనే కూర్చుంది.

"ఆ కుక్కకి ఏవన్నా పెట్టండి బాబూ, పొద్దుట్నుంచీ తిరుగుతోంది" అంది నాతో.

గుడ్డు జేబులోనే ఉంది. తియ్యలేకపోయాను.

బోణీకి మళ్లీ మొదటినుంచి నేర్పాను. ఏడాదిన్నర పట్టింది. దేనికి గుడ్డు పెడితే కుక్క దాన్నే నేర్చుకుంటుంది. నేను మొరుగుడుకు పెట్టాను. ఆనాటి నివేదికలో మాత్రం "కుక్క పొరపాటు" అని రాసి సంతకం చేశాను. అది అబద్ధం. బేరంలో నాకు మిగిలింది ఏడాది. అందుకు ఖర్చయిన రెండు గంటలు నాంచారయ్యవి.